వస పోశారా?

బిడ్డకు మాటలు ఆలస్యమైతే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మొదట అడిగే మాట ఇదే. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. వసకొమ్మును సానరాయి మీద నాలుగు చుట్లు అరగదీసి, తేనెలోనో తల్లిపాలలోనో రంగరించి నాలుక మీద రాయడం తరాలుగా వస్తున్న అలవాటు.

ముందు దాని సంగతి తేల్చేద్దాం. వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎలుకల్లో కంతులు పుట్టిస్తుందని తేలడంతో అమెరికా ప్రభుత్వం 1968లోనే వసను తినే పదార్థాల్లో వాడకూడదని నిషేధించింది. ఇక తేనె. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో బోటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. పసిబిడ్డ పేగులో అవి మొలకెత్తితే కండరాలు చచ్చుబడతాయి, ఊపిరి కూడా ఆగవచ్చు.

అయినా ఆ ప్రశ్న వెనక ఒక ఎరుక ఉంది. మాట దానంతట అది రాదు, పెద్దవాళ్ళు ఏదో ఒకటి చెయ్యాలి అన్న ఎరుక. అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. చెయ్యాల్సిన ఆ పని ఏమిటో, దానికి ఏమేం అడ్డుపడతాయో ఇక్కడ రాస్తున్నాను.

పాత, పాట. ఈ రెండు మాటల్లో తేడా మనకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగిన పెద్దవాళ్ళకు తెలియదు, త, ట రెండూ వాళ్ళకు ఒకేలా వినిపిస్తాయి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించి చూశారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు. 10 నుంచి 12 నెలల పిల్లల్లో దాదాపు ఎవరూ పట్టలేకపోయారు. చెవి బాగానే ఉంది. ఆ తేడాతో చుట్టుపక్కల ఎవరికీ పని లేదు కాబట్టి మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసింది.

మొదటి రెండు మూడేళ్ళలో మెదడు చేసే పని ఇదే తీరులో సాగుతుంది. పుట్టినప్పుడు 350–400 గ్రాములుండే మెదడు ఏడాది తిరిగేసరికి రెట్టింపు దాటుతుంది. నరకణాల మధ్య అవసరానికి మించి లంకెలు పుట్టుకొస్తాయి. వాడుకలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. చూపు, వినికిడి చూసే భాగాల్లో ఈ కోత తొందరగా జరిగిపోతుంది. ఆలోచించి ఆగడం, ముందుచూపు వంటివి చూసే నుదుటి వెనక భాగంలో మాత్రం ఇరవై ఏళ్ళు దాటినా సాగుతూనే ఉంటుంది. అందుకే పుట్టుకతో కంట్లో శుక్లం ఉన్న బిడ్డకు మొదటి రెండు నెలల్లోపే ఆపరేషన్ చెయ్యాలని కంటి వైద్యులు తొందరపెడతారు. పదేళ్ళకు చేస్తే కన్ను శుభ్రపడుతుంది, చూపు మాత్రం పూర్తిగా రాదు.

మరి మాటలు వినిపిస్తే చాలా? చాలదు. 2003లో సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించింది. ఒక్కొక్కటి 25 నిమిషాల చొప్పున 12 సార్లు. ఒక గుంపుకు మనిషే ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడింది. ఇంకో గుంపుకు అవే మాటలు, అదే మనిషి, టీవీలో. మనిషితో గడిపిన పిల్లలు చైనా ధ్వనుల తేడాలను పట్టగలిగారు. టీవీ చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ఫోన్‌లో తెలుగు పాటలు పెడితే మాటలొస్తాయని నమ్మే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఈ ప్రయోగం గురించే. తెరకు ఎన్ని మాటలొచ్చినా, బిడ్డ ఎటు చూస్తున్నాడో అది చూడలేదు.

ఆ చూడడమే అసలు కిటుకు. దగ్గరగా చూద్దాం. వంటింట్లో నేల మీద కూర్చుని అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. పక్కన 11 నెలల పిల్ల. చేతిలో ఒక కాయ. దాన్ని అటూ ఇటూ తిప్పి, అమ్మ మొహంలోకి చూసి "కా" అంది. అమ్మ పని ఆపింది. "కాయ! చిక్కుడుకాయ." పిల్ల దాన్ని నేలకేసి కొట్టింది. "టప్! కింద పడింది కాయ." అమ్మ ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఏమీ అనలేదు. పిల్ల కాయ తీసి అమ్మ వైపు చాచింది. "నాకా? అమ్మకిస్తావా? ఇచ్చేశావే!" అని తీసుకుని, మళ్ళీ "ఇదిగో, నీకు" అని ఇచ్చేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. ఈలోపు కాయ అనే మాట మూడుసార్లు మూడు రకాలుగా వినపడింది. కింద, నాకు, నీకు, ఇవ్వడం, తీసుకోవడం చేతిమీదుగా అర్థమయ్యాయి. అన్నిటికన్నా పెద్ద పాఠం ఇంకొకటి: నేను ఏదైనా అంటే ఈ లోకం బదులిస్తుంది. (కాయ మాత్రమే ఇవ్వాలి, గింజలు గిన్నెలో దూరంగా ఉండాలి. 3 సెంటీమీటర్లకన్నా చిన్నది ఏదైనా మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డుపడగలదు.)

ఇందులో ఉన్నవి నాలుగు అడుగులు. బిడ్డ ఎటు చూస్తోందో చూడడం, అదేమిటో చెప్పడం, ఆగడం, బిడ్డ చేసినదానికి ఇంకొక్క మాట కలిపి తిరిగివ్వడం. మొదటి రెండూ అందరికీ వస్తాయి. తప్పేది మూడోదే. ఏడాది లోపు బిడ్డకు విన్నది అందుకుని, తిరిగి చప్పుడో సైగో చెయ్యడానికి మనకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. 5 నుంచి 10 సెకన్లు అనుకోండి. పెద్దవాళ్ళు రెండో సెకనుకే ఇంకో మాట అనేస్తారు. బిడ్డ వంతు రాకుండానే పోతుంది.

ఇంకో పొరపాటు పరీక్ష పెట్టడం. "ఇదేంటి? చెప్పు. అత్తకు చెప్పు. నిన్న చెప్పావుగా?" రోజంతా ఇదే నడిచే ఇళ్ళున్నాయి. ప్రశ్నకు జవాబు రాని బిడ్డ తల తిప్పేసుకుంటుంది, అక్కడితో ఆట ముగుస్తుంది. పది మాటల్లో ఒకటి ప్రశ్నైతే చాలు. ఉచ్చారణ దిద్దడమూ అంతే. "బవ్వ" అంటే "బవ్వ కాదు, అన్నం అను" అనక్కర్లేదు. "అన్నం కావాలా? ఇదిగో వేడివేడి అన్నం" అంటే దిద్దినట్టూ ఉంటుంది, బదులిచ్చినట్టూ ఉంటుంది.

ఎన్ని మాటలు వినాలి అన్న లెక్క ఒకటి బాగా ప్రచారంలో ఉంది. 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అమెరికాలో 42 కుటుంబాలను చూసి, డబ్బున్న ఇళ్ళ పిల్లలకూ పేద ఇళ్ళ పిల్లలకూ నాలుగేళ్ళు వచ్చేసరికి 3 కోట్ల మాటల తేడా ఉంటుందని లెక్కగట్టారు. 42 ఇళ్ళతో అంత పెద్ద మాట అనడం సరికాదని తర్వాత చాలామంది ఎత్తిచూపారు. పైగా అందులో తల్లిదో, బిడ్డను దగ్గరుండి చూసుకునేవాళ్ళదో మాటే లెక్కకొచ్చింది. నానమ్మ, మేనత్త, పక్కింటి పిల్లలు మాట్లాడేది చేర్చుకుంటే లెక్క మారిపోతుంది. మన ఇళ్ళకు ఈ అభ్యంతరం ఇంకా బాగా వర్తిస్తుంది. నాకు నమ్మకం కలిగించేది 2018లో ఎంఐటీలో రేచల్ రోమియో బృందం చేసిన పని. 4 నుంచి 6 ఏళ్ళ పిల్లల ఇళ్ళలో మాటలను రికార్డు చేసి, తర్వాత మెదడు స్కాన్ తీశారు. విన్న మాటల మొత్తంకన్నా, పెద్దవాళ్ళకూ బిడ్డకూ మధ్య మాటకు మాట ఎన్నిసార్లు నడిచింది అన్నదే భాష చూసే భాగం పనితీరుతో ఎక్కువ ముడిపడి కనిపించింది. ఇంటి ఆదాయం ఎంతైనా సరే.

అందుకే ఎవరూ చూడకపోయినా మోగుతుండే టీవీ అంత చెరుపు చేస్తుంది. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో, టీవీ మోగిన ప్రతి గంటకూ బిడ్డ చెవిన పడే పెద్దల మాటలు సుమారు 770 తగ్గాయి. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దని, 2 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అమ్మమ్మ ఆ వైపునుంచి బదులిస్తుంది కదా, అందుకు.

బదులు పలికేవాళ్ళే లేకపోతే ఏమవుతుందో రుమేనియా చూపించింది. అక్కడి నియంత చౌసెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించాక, సాకలేక వదిలేసిన పిల్లలతో ప్రభుత్వ శిశుగృహాలు నిండిపోయాయి. 1989లో ఆ పాలన కూలాక లోకానికి అవి కనిపించాయి. పిల్లలకు తిండి అందేది, గుడ్డలు మార్చేవారు, వరసగా మంచాల మీద పడుకోబెట్టేవారు. ఏడిస్తే ఎవరూ వచ్చేవారు కాదు. కొన్నాళ్ళకు పిల్లలు ఏడవడం మానేసేవారు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టారు. చీటీ తీసినట్టు సగం మందిని, అంటే 68 మందిని, తాము ఏర్పాటుచేసిన పెంపుడు ఇళ్ళకు పంపారు. మిగతావాళ్ళకు అప్పటిదాకా ఉన్న ఏర్పాటే సాగింది. నాలుగున్నరేళ్ళ వయసులో తెలివితేటల పరీక్ష పెడితే శిశుగృహాలకు కేటాయించిన పిల్లల సగటు 73, పెంపుడు ఇళ్ళకు వెళ్ళినవాళ్ళది 81, మొదటినుంచీ సొంత ఇళ్ళలో పెరిగినవాళ్ళది 109.

ఆ అంకెల్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపేది ఇంకోటి. మూడున్నరేళ్ళకు చూసినప్పుడు, 18 నెలలు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లల సగటు 94. రెండున్నరేళ్ళు దాటాక దొరికినవాళ్ళది 80. ఇల్లు ఒకటే, ప్రేమ ఒకటే, దొరికిన నెల వేరు. అలాగని 80 దగ్గరే తలుపు మూసుకుపోయిందని అనుకోకూడదు. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళూ ఎదిగారు. ఎక్కువ కష్టపడి, తక్కువ దూరం.

దీనికి మందు ఖరీదైనదని చాలామంది అనుకుంటారు. జమైకా కథ వింటే ఆ మాట అనరు. 1986–87లో కింగ్‌స్టన్ పేటల్లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం, వయసుకు తగ్గ ఎత్తు లేని 9 నుంచి 24 నెలల పిల్లలు 129 మందిని తీసుకుంది. కొందరికి వారానికి కిలో పాలపొడి మిశ్రమం. కొందరికి వారానికొకసారి, గంటసేపు, ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి తల్లితో కలిసి బిడ్డను ఆడించడం. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఇలా రెండేళ్ళు. పాలపొడి లాభం నిలవలేదు. ఆట అందిన పిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత, అందని తోటివారికన్నా సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆ కార్యకర్తలు మన ఆశా, అంగన్‌వాడీ వాళ్ళలాంటివాళ్ళే. బొమ్మలు ఇంట్లో పారేసే వస్తువులతో చేసినవే. అదే పద్ధతిని పక్కనే ఒడిశాలో, కటక్ మురికివాడల్లో చేసి చూస్తే అక్కడా పిల్లల గ్రహింపు మెరుగుపడింది.

ఆ బొమ్మలు చెయ్యడం మీకూ అయిదు నిమిషాల పని. 200 మిల్లీలీటర్ల ఖాళీ నీళ్ళసీసా కడిగి, లోపల తడి లేకుండా పూర్తిగా ఆరబెట్టి, పావువంతు పెసలు పోసి మూత బిగించండి. మూత చుట్టూ వెడల్పు టేపు మూడు చుట్లు వేసి, పైన గుడ్డ కట్టి కుట్టెయ్యండి. టేపు ఒక్కటే అయితే బిడ్డ చొల్లుకు వారంలో ఊడిపోతుంది, గింజలు ముక్కులోకీ చెవిలోకీ పోతాయి. సరిగ్గా ఆరకపోతే గింజ మొలకెత్తి బూజు పడుతుంది. పెద్ద మూతల డబ్బాలు మూడు నాలుగు, ఒకదాన్లో ఒకటి పట్టేవి, చాలు: తియ్యడం, పెట్టడం, దొంతర పేర్చడం, కూల్చడం. 9 నెలల నుంచి రెండేళ్ళ దాకా ఇవే పనికొస్తాయి, వయసుతోపాటు ఆటే మారుతుంది. బొమ్మలన్నీ ఒకేసారి ముందు పోస్తే బిడ్డ దేన్నీ పూర్తిగా చూడదు. నాలుగు బయట ఉంచి, మిగతావి దాచి, వారానికోసారి మార్చండి.

ఇప్పుడు ఒంటి సంగతి. ఎంత బదులిచ్చినా అందుకునే మెదడు సిద్ధంగా ఉండాలి కదా. అందులో మొదటిది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తం తక్కువ. దీన్ని మొహం పాలిపోవడం, నీరసం వరకే చూస్తున్నాం. ఇనుము చాలకపోతే నరాల తీగలకు తొడుగులా ఉండే మైలిన్ పొర సరిగా ఏర్పడదు, శ్రద్ధను నడిపించే డోపమిన్ పని కుంటుపడుతుంది. బిడ్డ చూడ్డానికి బుద్ధిగా, గొడవ చెయ్యకుండా ఉంటుంది. "మా వాడు చాలా నెమ్మది" అని సంతోషపడే ఇంట్లో అసలు సంగతి అదే కావచ్చు. పైగా నెమ్మదిగా ఉండే బిడ్డతో పెద్దవాళ్ళూ తక్కువ మాట్లాడతారు. అలా రెండు వైపులా నష్టం.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు తల్లినుంచి వచ్చిన ఇనుము ఆరు నెలల దాకా సరిపోతుంది. బొడ్డుతాడును పుట్టిన వెంటనే కాకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బిగిస్తే ఆ నిల్వ పెరుగుతుంది; కాన్పుకు ముందే డాక్టరును అడగండి. ఆరు నెలల తర్వాత రాగిజావ, పాలు మీదే నడిపితే ఇనుము చాలదు. గుడ్డు, మాంసం, చేప తినే ఇళ్ళలో ఎనిమిదో నెలకల్లా మెత్తగా నలిపి పెట్టడం మొదలవ్వాలి. తిననివాళ్ళు పప్పు, తోటకూరలో దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండాలి. అది లేకపోతే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేది చాలా కొంచెం. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం మానెయ్యాలి, టీ ఇనుమును కట్టేస్తుంది. ఏడాది దాటాక పాలు రోజుకు అర లీటరు దాటితే కడుపు నిండిపోయి అన్నం తినరు.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు, 1 మిల్లీలీటరు చొప్పున. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. తిన్నాక ఇవ్వాలి. పాలలో కలిపితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి చాలామంది మానేస్తారు; అది మామూలే. జ్వరం ఉన్నప్పుడు ఆపి, తగ్గాక మొదలుపెట్టండి. సీసా మాత్రం పిల్లలకు అందనిచోట ఉండాలి, ఒకేసారి ఎక్కువ తాగేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది సీసం, అదే లెడ్. దీని గురించి మనం మాట్లాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక భారతదేశంలో సుమారు 27 కోట్ల 50 లక్షల పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు మించి సీసం ఉందని అంచనా వేసింది. ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు సీసానికి లేదు. అమెరికాలో 2021 నుంచి 3.5 దాటితే చాలు, మూలం వెతకడం మొదలుపెడుతున్నారు. ఇది మెదడులో కాల్షియం చోటును ఆక్రమించి లంకెల పనిని చెడగొడుతుంది, పోయింది తిరిగి రాదు. ఇనుము తక్కువున్న బిడ్డ పేగు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది.

ఎక్కడినుంచి వస్తుంది? విడిగా అమ్మే, కళ్ళు మిరుమిట్లు గొలిపే పసుపులో కలిపే లెడ్ క్రోమేట్ నుంచి. కొమ్ములు కొని ఆడించుకోవడం మంచిదే, కొమ్ములకు కూడా రంగు పూస్తారు కాబట్టి గోరుతో గీకితే చేతికి పచ్చపొడి అంటేవి వద్దు. సుర్మా నుంచి, అది చాలాసార్లు సీసపు రాయే. బిడ్డ కళ్ళకు ఏ కాటుకా అవసరం లేదు, దిష్టికైతే అరికాలికి చుక్క పెట్టండి. ఇత్తడి గిన్నెలకు వేసే కళాయిలో తగరంతో పాటు సీసం కలిపితే, అందులో కాచిన పులుసులోకి దిగుతుంది. పెచ్చులూడే పాత గోడరంగు నుంచి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అలాంటి గోడ పక్క చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. ఇంట్లో ఎవరైనా పాత బ్యాటరీల పని చేస్తుంటే, బిడ్డను ఎత్తుకునే ముందే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మూడోది అయోడిన్. దానికి అయోడిన్ ఉప్పు చాలు, ముఖ్యంగా గర్భిణికి. మూతపెట్టి, పొయ్యికి దూరంగా ఉంచి, కూర దించే ముందు వెయ్యండి.

చెవి దగ్గర జరిగే పొరపాటు మరీ మామూలు. వెనక నిలబడి చప్పట్లు కొడితే తిరిగాడు కాబట్టి వినపడుతోంది అనుకుంటారు. చప్పట్లు పెద్ద చప్పుడు. కొంత వినికిడి పోయిన బిడ్డ కూడా తిరుగుతుంది. గాలి తగిలో, నీడ కదిలో తిరగొచ్చు కూడా. స, ష, క వంటి సన్నని ధ్వనులు అందకపోతే మాట సగమే చేరుతుంది. లోకమంతా పాటించే లెక్క 1–3–6: నెలలోపు చెవి స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రమో చికిత్సో మొదలు. ఓఏఈ అనే మొదటి పరీక్షకు బిడ్డ నిద్రలో ఉంటే కొద్ది నిమిషాలు చాలు. చీము కారే చెవిలో నూనె పోయకండి.

భయం గురించి ఒక మాట. బూచోడు వస్తాడని, చీకటిగదిలో పెడతానని చెప్పి అన్నం తినిపించడం ఇప్పటికీ చూస్తున్నాం. ఒకసారి ఉలిక్కిపడి అమ్మ ఒళ్ళో ఊరటపడితే ఏమీ కాదు. రోజూ భయమే అయితే, ఊరట ఇవ్వాల్సినవాళ్ళే భయపెడుతుంటే, ఇంట్లో తాగుడూ కొట్లాటా అయితే, కార్టిసాల్ అనే హార్మోను దిగకుండా ఉండిపోతుంది. జ్ఞాపకానికీ, ఆలోచించి ఆగడానికీ సంబంధించిన భాగాలు దానికి ముందు దెబ్బతింటాయి. అటువంటి ఇంట్లో కూడా ఒక్క మనిషి, తాతో మేనత్తో, రోజూ నిలకడగా దగ్గరుంటే ఆ దెబ్బ చాలావరకు కాచుకోవచ్చు. నిద్ర కూడా: ఒకటి రెండేళ్ళ బిడ్డకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళకు 10 నుంచి 13.

మూడేళ్ళు దాటితే తల్లిదండ్రుల దృష్టి అక్షరాల మీద పడుతుంది. రెండున్నరేళ్ళకే అ, ఆలు దిద్దించడం వల్ల ఒరిగేది లేదు. బలపం పట్టడానికి ముందు వేళ్ళకు బలం రావాలి: పిండి పిసకడం, బఠాణీలు వలవడం, గుడ్డ పిండడం. ఈ వయసులో అసలు పండాల్సింది, మనసుకు తోచింది వెంటనే చెయ్యకుండా ఆగడం, మాట గుర్తుంచుకోవడం, నియమం మారితే తానూ మారడం. నేలా-బండా ఆట సరిగ్గా ఇదే. దొంగ నేల కోరితే బండ మీద ఉండాలి, బండ కోరితే నేల మీదికి దిగాలి. అలవాటు ప్రకారం కాలు కదిపినవాడు దొరికిపోతాడు. అయిదేళ్ళు దాటాక వామనగుంటలు: రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుంటకు నాలుగో అయిదో చింతగింజలు. ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోతే, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే ఊహించడం వస్తుంది. లెక్కల పుస్తకం ఇవ్వలేనిది అది. మన బంధుత్వాలూ తర్కమే. అమ్మ తమ్ముడు మామయ్య, నాన్న తమ్ముడు బాబాయి. "మరి నీ మామయ్య నాకేమవుతాడు?" అని అమ్మ అడిగితే నాలుగేళ్ళ బిడ్డ బుర్ర ఎంత పని చేస్తుందో మొహంలోనే కనిపిస్తుంది.

1962 నుంచి 1967 దాకా మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో 123 మంది పేద పిల్లలతో నడిచిన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో, బడికి వచ్చిన పిల్లల ఐక్యూ ముందు పెరిగి కొన్నేళ్ళకు మిగతావాళ్ళతో సమానమైపోయింది. నలభై ఏళ్ళ వయసులో చూస్తే మాత్రం చదువు, ఉద్యోగం, జైలు పాలు కాకపోవడం, అన్నిట్లో వాళ్ళే మెరుగు. ఆ బడిలో రోజూ చేయించిందాన్ని మీరు ఇంట్లో చేయించొచ్చు: ఏం ఆడబోతున్నావో ముందు చెప్పు, ఆడు, ఎలా ఆడావో తర్వాత చెప్పు. మూడూ కలిపి పావుగంట.

అమెరికాలోనో, బెంగళూరులోనో పెరిగే మన పిల్లల గురించి తరచూ వచ్చే సందేహం: ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు అయితే మాటలు ఆలస్యమవుతాయా? కావు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. ఇంగ్లీషులో 20, తెలుగులో 35 ఉంటే ఆ బిడ్డకు 55 ఉన్నట్టు. మీకు ఏ భాషలో విసుగు, మురిపెం, వేళాకోళం తడుముకోకుండా వస్తాయో ఆ భాషలోనే బదులివ్వండి. ఎవరో చెప్పారని తెలుగు ఆపేసి అరకొర ఇంగ్లీషులోకి మారితే, మాటకు మాట తగ్గిపోతుంది.

ఎప్పుడు ఆగకూడదో కూడా తెలియాలి. "మేనమామకూ నాలుగేళ్ళకే వచ్చాయి" అని ఊరుకోవద్దు. ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, బబ్బబ్బ, దద్దద్ద వంటి ముద్దుపలుకులు లేకపోయినా. 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా. రెండేళ్ళకు "అమ్మ రా", "పాలు ఇవ్వు" వంటి రెండు మాటల కూర్పు సొంతంగా లేకపోయినా. ఏ వయసులోనైనా వచ్చిన మాట పోయినా, ఆ వారమే చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, డీఈఐసీ అంటే చెబుతారు. డబ్బు కట్టక్కర్లేదు. వెళ్ళేటప్పుడు కాన్పు కాగితాలు, టీకాల కార్డు, చెవి పరీక్ష అయి ఉంటే ఆ కాగితం పట్టుకెళ్ళండి. ఇంకోటి: బిడ్డ ఇంట్లో మామూలుగా ఆడుకుంటుండగా రెండు నిమిషాల వీడియో తియ్యండి, మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలుస్తూ. కొత్తచోట, కొత్త మనుషుల ముందు బిడ్డ బిగుసుకుపోయినా, ఇంట్లో ఎలా బదులిస్తుందో ఆ రెండు నిమిషాల్లో డాక్టరుకు తెలుస్తుంది.